మంచులో ఐస్‌లాండ్ గుర్రాల ఫొటోలు: కంచె దగ్గర ఖాళీ చేతులతో నిలబడండి

ఫిబ్రవరి రెండో వారంలో లండన్ నుంచి కుటుంబంతో ఆరు రోజులు ఐస్‌లాండ్ వెళ్తున్నామని రాశారు. దారి పక్కన మంచులో నిలబడి, మనుషుల దగ్గరికి తామే నడిచొచ్చే గుర్రాలను ఫొటో తీయాలని మీ కోరిక. మీ దగ్గర 18-55, 55-200 మిల్లీమీటర్ల లెన్సులున్న మామూలు కెమెరా ఉంది. అంతకుముందు మనాలీలో తీసిన మంచు ఫొటోలన్నీ బూడిద రంగులో వచ్చాయి. ఏడేళ్ళ పాపకు గుర్రాలంటే ప్రాణం కాబట్టి క్యారెట్లు, బ్రెడ్డు వెంట తీసుకెళ్ళాలా అని చివర్లో అడిగారు. నేను చలికాలంలో ఆ దేశానికి ఆరుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఈ గుర్రాల కోసమే సగం రోజులు కేటాయించాను. తెలిసినంతా వివరంగా చెప్తాను.

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. క్యారెట్లు, యాపిళ్ళు, బ్రెడ్డు ఏవీ తీసుకెళ్ళకండి. అవి దారినపోయేవాళ్ళు పెట్టింది తినే ఊరి పశువులు కావు, ప్రతి గుర్రమూ ఒక రైతుది. దేనికి ఎంత గడ్డి వెయ్యాలో ఆ రైతుకు లెక్క ఉంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్ళినది పేగుల గుండా బయటికి రావాల్సిందే. బ్రెడ్డు ముద్దగా ఉండకట్టి కడుపులో అడ్డం పడితే వచ్చే శూలనొప్పికి ప్రాణాలు కూడా పోతాయి. చాలా పొలాల కంచెలకు మేత పెట్టవద్దని బోర్డులు ఉంటాయి. బోర్డు లేకపోయినా నియమం అదే.

మొదటి ప్రయాణంలో ఈ సంగతి నాకు తెలియదు. రెండు యాపిళ్ళు కోసి పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాను. మూడు నిమిషాల్లో తొమ్మిది గుర్రాలు వచ్చాయి. మందలో వాటికి పెద్దాచిన్నా వరుస ఉంటుంది. తిండి కనబడగానే ఆ వరుస గొడవగా మారింది. నల్లటి ఆడగుర్రం ఒకటి పక్కనున్న చిన్నదాని మెడ కొరికి, వెనక్కి తిరిగి కాళ్ళు విసిరింది. చిన్నది బెదిరి కంచె తీగ మీదికి తూలింది. దెబ్బ తగల్లేదు కానీ, ఆ తీగ తెగినట్టు వంగిన చప్పుడు ఇంకా నాకు గుర్తుంది. తరవాత రైతు వచ్చి, కోప్పడకుండా, తీగ సరిచేసి, ఎందుకు పెట్టకూడదో నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు తీసిన నూట ఇరవై ఫొటోల్లో ఒక్కటీ దాచుకోదగ్గది లేదు. అన్నిట్లోనూ చెవులు వెనక్కి అంటుకుపోయి, మెడలు సాగి, కళ్ళు నా చేతివైపే ఉన్నాయి. ఏ గుర్రమూ నన్ను చూడలేదు. మీరు కోరుకుంటున్న ఆ స్నేహం నిండిన చూపు తిండి చూపిస్తే రాదు.

మరి ఏమీ పెట్టకపోతే ఎందుకు వస్తాయి? మనకు గుర్రం అంటే పెళ్ళి ఊరేగింపులోనో, విశాఖ బీచ్‌లోనో ఒకరు కళ్ళెం పట్టుకుని నిలబెట్టిన జంతువు. అక్కడ కళ్ళెమూ ఉండదు, పట్టుకునే మనిషీ ఉండడు. విశాలమైన పొలంలో మంద మొత్తం తన ఇష్టానికి ఉంటుంది. తొమ్మిది, పది శతాబ్దాల్లో నార్వే ప్రాంతం నుంచి పడవల్లో వచ్చి స్థిరపడినవాళ్ళు వెంట తెచ్చుకున్న గుర్రాల సంతతి ఇవి. 982లోనే బయటి గుర్రాల దిగుమతిని వాళ్ళ సభ నిషేధించిందని చెబుతారు. ఆ నిషేధం నేటికీ అమల్లో ఉంది. ఒకసారి దేశం దాటిన గుర్రం, పోటీలో గెలిచిందైనా సరే, మళ్ళీ పుట్టిన నేల మీద అడుగు పెట్టలేదు. ఆ దీవిలో తోడేళ్ళు, ఎలుగులు లేవు. వెయ్యేళ్ళకు పైగా వెంటాడే మృగం లేని చోట బతికిన జాతి కాబట్టి కొత్తది కనబడితే పారిపోవడం కంటే దగ్గరికెళ్ళి చూడాలన్న కుతూహలమే దీనికి ఎక్కువ. దానికితోడు పుట్టినప్పటి నుంచీ మనుషుల మధ్య పెరుగుతాయి. మీ ఎర్ర కోటు, మీ పాప టోపీ మీది ఊలు బంతి చాలు, చూడటానికి వస్తాయి. (ఎత్తు సుమారు 130 నుంచి 145 సెంటీమీటర్లే అయినా వాటిని పోనీ అనకండి. అక్కడివాళ్ళు గుర్రమనే అంటారు, అందులో పట్టుదలగా కూడా ఉంటారు.)

కాబట్టి పని ఇదీ. కంచెకు రెండు మూడు మీటర్ల ఇవతల, ఖాళీ చేతులతో, కదలకుండా నిలబడండి. కంచె దాటి పొలంలోకి వెళ్ళకండి. అది ఇంకొకరి ఆస్తి, పైగా మంద మధ్యలో మనిషికి ప్రమాదం. కంచె తీగకు కరెంటు ఉండవచ్చు కనుక దాని మీద లెన్సు ఆనించకండి, పాప చెయ్యి తగలనివ్వకండి. ఈలలు వెయ్యకండి, పిలవకండి, వాటి వెంట కంచె పక్కన పరిగెత్తకండి. పది నిమిషాలు ఏమీ జరగదు. ఆ పది నిమిషాలే చాలామంది ఓపిక పట్టరు. కారు దిగి, నాలుగు ఫొటోలు కొట్టి, గుర్రాలన్నీ దూరంగా గడ్డి తింటున్నాయని వెళ్ళిపోతారు.

ఒక ఉదయం హెల్లా ఊరు దాటాక ఒక పొలం పక్కన నేను అలా నిలబడ్డాను. ఇసుక రంగు ఒళ్ళు, నల్లటి జూలు ఉన్న గుర్రం మంద అంచున ఉంది. మొదట ఒక చెవి మాత్రం నావైపు తిప్పింది. కాసేపటికి రెండో చెవి. తరవాత నాలుగడుగులు వేసి ఆగి, నాతో ఏ పనీ లేనట్టు నేలను మూతితో కెలికింది. మళ్ళీ నాలుగడుగులు. ఇరవై నిమిషాలకు కంచె దగ్గరికి వచ్చింది. అప్పుడు చూశాను, దాని మూతి చుట్టూ ఉన్న ప్రతి మీసం వెంట్రుక చివరా ఒక మంచు పూస గడ్డకట్టి ఉంది. కంటి రెప్పల మీద కూడా తెల్లటి నూగు. వీపు మీద రెండు వేళ్ళ మందాన మంచు పేరుకుని ఉంది, కానీ కరగడం లేదు. శరీరం వేడి బయటికి పోకుండా ఆపే రెండు పొరల బొచ్చు దానికి ఉంటుంది. అందుకే మంచు మోస్తున్న వీపు చూసి పాపం చలికి బాధపడుతోందని అనుకోనక్కర్లేదు. అది ముక్కు చాచి నా లెన్సు హుడ్‌ను (లెన్సు ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు) వాసన చూసి, వెచ్చటి ఊపిరి ఒకటి వదిలింది. ఆ ఊపిరికి లెన్సు మసకబారి నాకు ఫొటో రాలేదు. అంతకు పది సెకన్ల ముందు తీసింది మాత్రం మా ఇంటి గోడ మీద ఉంది.

వాటి చెవులు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. రెండు చెవులూ ముందుకు ఉంటే ఆసక్తి, అప్పుడు నొక్కండి. మెడకు అంటుకున్నట్టు వెనక్కి ఉంటే హెచ్చరిక, ఒక అడుగు వెనక్కి వెయ్యండి. వెనక భాగం మీవైపు తిప్పితే అక్కడి నుంచి జరగండి. గాలి గట్టిగా ఉన్న రోజున మంద మొత్తం గాలికి వీపు పెట్టి, తలలు దించి నిలబడుతుంది, అది మీ మీద అలక కాదు. ఒకదాని మూపు ఒకటి పళ్ళతో గోక్కునే జంట కనబడితే మాత్రం ఇంకేదీ చూడకండి, అదే తీయండి. అవి స్నేహితులు.

ఎక్కడ దొరుకుతాయని అడిగారు. రాజధాని రేక్యావిక్ నుంచి, దేశాన్ని చుట్టే ఒకటో నంబరు రోడ్డు మీద తూర్పుగా వెళ్తే, సెల్ఫాస్ నుంచి హెల్లా, హ్వోల్స్‌వోల్లుర్ మీదుగా వీక్ వరకు దారి పొడుగునా పొలాల్లో గుర్రాలుంటాయి. మీకున్న ఆరు రోజులకు ఇది చాలు. ఒక మాట ముందే చెప్పాలి. దక్షిణ తీరంలో సముద్రపు వేడి ప్రవాహం వల్ల చలికాలపు సగటు ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూనే ఉంటుంది. నిన్న మోకాలి లోతు మంచు ఉన్నచోట ఈరోజు వాన పడి గోధుమరంగు గడ్డి తేలవచ్చు. మంచు నమ్మకంగా కావాలంటే ఉత్తరాన అకురేరి పట్టణం వైపు, గుర్రాల పెంపకానికి పేరుపడ్డ స్కాగాఫ్యోర్దుర్ ప్రాంతానికి వెళ్ళాలి. కానీ ఆ దారిలో కనుమలు చలికాలంలో మూసుకుపోతుంటాయి. చిన్న పాపతో, మంచులో కారు నడిపిన అలవాటు లేకుండా మొదటిసారే ఆ సాహసం వద్దు. దక్షిణాననే ఉండి, మంచు పడిన మర్నాడు ఉదయాన్నే బయల్దేరండి.

కారు ఎక్కడ ఆపుతారన్నది ఫొటో కంటే ముఖ్యం. ఆ రోడ్డుకు చాలాచోట్ల పక్కన ఆపుకునే జాగానే ఉండదు. గుర్రం కనబడగానే బ్రేకు వేసి రోడ్డు మీదే ఆపే సందర్శకుల వల్ల వెనక వచ్చేవాళ్ళు ప్రమాదంలో పడతారు. ఆపుకోవడానికి కట్టిన చోటు వచ్చేదాకా వెళ్ళి, అక్కడ ఆపి, చూడండి. పొలం గేటుకు అడ్డంగా పెట్టకండి. దిగేటప్పుడు తలుపును రెండు చేతులా పట్టుకుని తెరవండి, అక్కడి గాలి తలుపును వెనక్కి విరిచేస్తుంది. అద్దె కారు బీమాలో చాలాసార్లు ఆ నష్టం కలవదు. గాలి వేగాన్ని వాళ్ళు సెకనుకు మీటర్లలో చెబుతారు. 15 దాటితే జాగ్రత్త, 20 దాటితే ఆ రోజు గదిలోనే ఉండండి. బయల్దేరే ముందు వాతావరణ శాఖ సూచన, రోడ్ల పరిస్థితి రెండూ చూడండి. మధ్యాహ్నం మళ్ళీ చూడండి.

వెలుతురు విషయంలో మీరు ఎంచుకున్న వారం చాలా మంచిది. డిసెంబరు చివర్లో రేక్యావిక్‌లో పగలు నాలుగు గంటలే. ఫిబ్రవరి మధ్యకు వచ్చేసరికి సూర్యుడు తొమ్మిదిన్నర ప్రాంతంలో ఉదయించి ఆరు గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. నడిమధ్యాహ్నం కూడా దిక్చక్రానికి పదమూడు డిగ్రీలకు మించి పైకి రాడు. మన ఊళ్ళో ఉదయం ఏడు ప్రాంతంలో ఉండే ఏటవాలు ఎండ అక్కడ రోజంతా ఉంటుందన్నమాట. గుర్రం వెనక నుంచి ఆ ఎండ పడేలా నిలబడితే జూలు అంచులు వెలుగుతాయి, ముక్కుల్లోంచి వచ్చే ఆవిరి పొగలా కనబడుతుంది. ఆవిరి కోసం వెనక చీకటి కొండో, నీడో ఉండాలి. తెల్లటి ఆకాశం ముందు ఆవిరి కనబడదు.

ఇప్పుడు మీ బూడిద రంగు మంచు సంగతి. తప్పు మీ కెమెరాది కాదు. కెమెరాలోని కొలమానం తాను చూసేదంతా సగటున నడిమి బూడిద రంగంత వెలుగుతో ఉంటుందని అనుకుంటుంది. ఫ్రేము నిండా మంచు ఉంటే ఇంత వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. మంచు మురికిగా, గుర్రం నల్లటి ముద్దగా వస్తుంది. ఎక్స్‌పోజరును, అంటే ఫొటోలో పడే వెలుతురును, ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల వరకు (ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపు) పెంచాలని అందరూ చెబుతారు. అది నిజమే కానీ గుర్రాల దగ్గర సరిపోదు. దూరంగా ఉన్నప్పుడు ఫ్రేములో పదింట తొమ్మిది వంతులు మంచు ఉంటుంది. అదే నల్లగుర్రం దగ్గరికొచ్చి ఫ్రేము నింపగానే కెమెరా తన లెక్క మార్చుకుంటుంది, మీరు పెంచింది దానికి తోడై మంచు వివరాలేవీ లేకుండా తెల్లగా కాలిపోతుంది.

అందుకని నేను మాన్యువల్‌లో (అమరికలన్నీ మనమే పెట్టుకునే పద్ధతి) పెడతాను. గుర్రాలు దూరంగా ఉన్నప్పుడే, ఫ్రేము నిండా మంచు పట్టి, కొలమానం ఒకటిన్నర స్టాపులు ఎక్కువ చూపించేలా షట్టర్ వేగం, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) సరిచేస్తాను. ఒకటి తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫు) చూస్తాను. ఆ గ్రాఫులో మంచు తాలూకు గుట్ట కుడివైపుకు దగ్గరగా రావాలి, అంచుకు అంటుకోకూడదు. అంతే, ఇక దాన్ని ముట్టుకోను. అదే వెలుతురులో నల్లది వచ్చినా, తెల్లది వచ్చినా, మచ్చలది వచ్చినా సరిగ్గానే పడుతుంది. ఎండకు మేఘం అడ్డం వస్తే మాత్రం మళ్ళీ కొలవాలి. రా ఫైళ్ళుగా (తరవాత సరిచేసుకోవడానికి వీలుగా కెమెరా మొత్తం సమాచారం దాచే పద్ధతి) తీయండి. నీడలోని మంచు నీలంగా వస్తుంది, ఇంటికొచ్చాక వైట్ బ్యాలెన్సును (రంగుల ఛాయను సరిచేసే అమరిక) కొంచెం వెచ్చగా జరపవచ్చు. ఆ నీలాన్ని పూర్తిగా తీసెయ్యకండి. నీడలో మంచు నీలంగానే ఉంటుంది, చలి కనబడేది అందులోనే.

లెన్సుల్లో మీ 55-200 ప్రధానం. 18 దగ్గర గుర్రం ముఖం తీస్తే ముక్కు బూరలా ఉబ్బి, కళ్ళు వెనక్కి పోతాయి. అది పిల్లలను నవ్విస్తుంది కానీ గుర్రం అందం పోతుంది. 85 నుంచి 135 మధ్య ముఖం తన ఆకారంలో తానుంటుంది. వెనక హెక్లా కొండో, ఎయ్యాఫ్యాత్లాయోకుల్ మంచు శిఖరమో (2010లో పేలి ఐరోపా విమానాలను ఆపినది అదే) కలవాలంటే 200 వరకు లాగండి, కొండ దగ్గరికి జరిగినట్టు వస్తుంది. కన్ను మీద ఫోకస్ పెట్టండి. గుర్రం ముఖం పొడుగు కాబట్టి ఎదురుగా తీసేటప్పుడు అపెర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) మరీ తెరిస్తే కన్ను బాగుండి మూతి కరిగిపోతుంది. ఎఫ్ 5.6 నుంచి 8 వరకు ఉంచండి. నిలబడి ఉన్నదానికి షట్టర్ వేగం 1/250 సెకను చాలనిపిస్తుంది, కానీ అవి తల విదిలిస్తూనే ఉంటాయి, 1/500 పెట్టండి. పరిగెత్తేవాటికి 1/1000కి తగ్గకండి. ఐఎస్‌ఓ 800, 1600 అయితే భయం లేదు.

ఇంకో సంగతి, మోకాళ్ళు వంచండి. ఈ గుర్రాలు పొట్టివి. నిలబడి తీస్తే మనం పై నుంచి చూస్తాం, వాటి కాళ్ళు కురచగా, ఒళ్ళు పీపాలా వస్తాయి. కెమెరా వాటి భుజం ఎత్తుకు దిగగానే మెడ లేస్తుంది, జూలు ఆకాశం మీదికి వస్తుంది. కొండ గీత మెడను అడ్డంగా కోయకుండా కొంచెం పైకీ కిందికీ జరిగి చూసుకోండి. ముదురు రంగు గుర్రం ముఖంలో నల్లటి కన్ను కలిసిపోతుంది. అది తల తిప్పి ఆకాశపు వెలుగు కంట్లో చుక్కలా మెరిసే దాకా ఆగండి. ఆ చుక్క లేకపోతే ఫొటోలో ప్రాణం ఉండదు.

మంచు కురుస్తున్నప్పుడు ఫోకస్ రేకుల మీదికి దూకుతుంది. మీ కెమెరాలో జంతువుల కన్ను పట్టే సదుపాయం ఉంటే వాడండి, లేదా ఒకే ఫోకస్ చుక్కను కంటి మీద పెట్టండి. 1/500లో రేకులు చుక్కలుగా ఆగుతాయి, 1/60లో గీతలుగా పడతాయి. కదలకుండా నిలబడ్డ గుర్రానికి ఆ గీతలు చాలా అందం. హుడ్ తప్పక తగిలించండి. లెన్సు మీద పడిన మంచును నోటితో ఊదకండి, ఊపిరి తడి అక్కడే గడ్డకడుతుంది. పొడి గుడ్డతో తుడవండి. మీవారు ఫోనుతో తీస్తారన్నారు కదా. రెండింతల లెన్సుతో, మంచు మీద వేలుంచి వెలుతురు కాస్త పైకి జరిపి తీయమనండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, ఎగిరే జూలు వెంట్రుకలను అది కత్తిరించేస్తుంది.

చలికి బ్యాటరీలు త్వరగా పడిపోతాయి. రెండు అదనంగా తీసుకెళ్ళి లోపలి జేబులో, ఒంటికి ఆనేలా ఉంచండి. అయిపోయిందన్న బ్యాటరీ వెచ్చబడితే ఇంకొన్ని ఫొటోలు ఇస్తుంది. అసలు నష్టం జరిగేది గదికి తిరిగొచ్చాక. గడ్డకట్టిన కెమెరాను వెచ్చటి గదిలో బయట పెడితే, చల్లటి సీసా చెమర్చినట్టు దాని లోపలా బయటా నీరు పడుతుంది. బయట ఉండగానే మెమరీ కార్డు తీసేసి, కెమెరాను సంచిలో పెట్టి జిప్పు మూసి, గదిలో రెండు గంటలు అలాగే వదిలెయ్యండి. కార్డు చేతిలో ఉంటే ఫొటోలు చూసుకోవాలన్న తొందరతో సంచి తెరవరు. కారులో హీటరు వేసుకుని తిరిగేటప్పుడు కూడా కెమెరాను వెనక డిక్కీలో ఉంచడం మేలు.

పాప లండన్‌లో గుర్రపుస్వారీ నేర్చుకుంటోందని రాశారు. ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. అక్కడ వాడిన చేతి తొడుగులు, జీను సామాను ఏదీ ఐస్‌లాండ్‌కు తీసుకెళ్ళకూడదు, అది చట్టం. స్వారీకి వేసుకున్న బట్టలు, బూట్లు కూడా నిబంధనల ప్రకారం శుభ్రపరచి క్రిమిరహితం చేయాలి. వెయ్యేళ్ళు విడిగా పెరిగిన ఈ గుర్రాలకు బయటి జబ్బులను తట్టుకునే శక్తి లేదు. 2010లో ఒక దగ్గు దేశంలోని దాదాపు గుర్రాలన్నిటికీ పాకి, ఆ ఏడాది జరగాల్సిన జాతీయ గుర్రాల ఉత్సవం మరుసటి ఏడాదికి వాయిదా పడింది. వీలైతే ఆ బూట్లు ఇంట్లోనే వదిలెయ్యండి. అక్కడ స్వారీ చేయించే గుర్రపుశాలలు చలికాలంలోనూ తెరిచే ఉంటాయి, సామాను వాళ్ళే ఇస్తారు. ముందుగా రాసి, ఫొటోలు తీసుకుంటామని కూడా అడగండి. ఆ జాతికే పేరు తెచ్చిన తోల్ట్ అనే నడకను పాప అక్కడ స్వయంగా చూస్తుంది. ఎంత వేగంగా వెళ్ళినా వీపు ఎగరదు.

కంచె దగ్గర మాత్రం పాపను మీ ముందు, మీ చేతికి అందేంత దూరంలో నిలబెట్టండి. గుర్రానికి తన నుదుటికి సరిగ్గా ఎదురుగా ఉన్నది, తన వెనక ఉన్నది కనబడవు, అందుకే భుజం వైపు నిలబడాలని చెప్పండి. అది తనంతట తాను వస్తే, తొడుగు తీసిన చేతి వెనక వైపు దానికి కనబడేలా తిప్పి, వేళ్ళు ముడిచి, తీగ దాటించకుండా అలాగే ఉంచమనండి. ముఖం మీదికి చెయ్యి చాచవద్దు. గుర్రం ముందు ముక్కుతో చూస్తుంది. మీరు రెండడుగులు పక్కకు జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎఫ్ 5.6, 1/500తో సిద్ధంగా ఉండండి. పాప చేతి వెనక, ఆ ముక్కు ముందు ఒక ఆవిరి మబ్బు లేస్తుంది, అప్పుడు నొక్కండి.